ఒరిజినల్స్ మోసిన ఫైలు

నేను ఒక ఫైలును. ఆఫీసు బల్లల మీద దుమ్ము తింటూ, నడుముకు తాడు కట్టించుకుని సంతకాల కోసం పడిగాపులు కాసే అట్ట ఫైళ్ల జాతి కాదు నాది. నాది ప్లాస్టిక్ జాతి. ముదురు నీలం రంగు, లోపలి కాగితం బయటికి కనబడే ఇరవై అరలు, మూతికి ఒక బటను. మార్కుల మెమోలు, టీసీలు, కులం సర్టిఫికెట్లు మోయడానికే పుట్టాను.

హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో పాత బకెట్లు, విరిగిన కుర్చీలు కరిగించి నన్ను పోశారు. అంటే పోయిన జన్మలో నేను ఏ స్నానాలగదిలోనో, ఏ పెళ్లిపందిట్లోనో ఉండి ఉంటాను. దానికి నేనేమీ చిన్నబోను. పుట్టుక పట్టింపు మనుషులకే. పుట్టిన తేదీకి ఒక కాగితం, కులానికి ఒకటి, ఆదాయానికి ఒకటి, బుద్ధిమంతుడని చెప్పడానికి ఇంకొకటి. మనిషి ఎదురుగా నిలబడి నేనే నేనని మొత్తుకున్నా నమ్మరు, కాగితం నోరు విప్పకపోయినా నమ్ముతారు. అందుకే నాలాంటి వాళ్లకు గిరాకీ తగ్గదు.

మార్కాపురం బజారులో ఒక పుస్తకాల కొట్టు ముందు ఏడాదిన్నర వేలాడాను. జూన్ నెలలో ఒకరోజు దస్తగిరి వచ్చాడు. ఆయన పలకల ఫ్యాక్టరీలో రాతి బిళ్లలకు చెక్క చట్రాలు బిగిస్తాడు. ఇరవై రెండేళ్లుగా ఊరూరి పిల్లలకు అక్షరాలు దిద్దుకునే పలకలు చేసి పంపాడు, తాను మాత్రం సంతకం దాకానే నేర్చుకున్నాడు. చేతి గీతల్లో రాతిపొడి ఇంకిపోయి ఉంది. నా బటను పదిసార్లు తీసి పదిసార్లు వేసి చూసి, మా పాప సర్టిఫికెట్లకు, ఊడిపోకూడదని కొట్టతనితో చెప్పాడు. నేను ఊడిపోలేదు. నా వైపు నుంచి ఏ లోపమూ జరగలేదని ముందే చెప్పేస్తున్నాను.

ఆ పాప పేరు గౌసియా. వాళ్లది దూదేకుల కుటుంబం, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. తల్లి కాశింబి ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుట్టేది. ఇంటర్ పాసై, ఎంసెట్‌లో పదకొండు వేల చిల్లర ర్యాంకు తెచ్చుకున్న పిల్ల గౌసియా. ఆ వీధిలో అంతకుముందు ర్యాంకన్న మాటే ఎవరూ వాడలేదు. పదో తరగతి మెమో మొదటి అరలో, ఇంటర్ మెమో రెండో అరలో, టీసీ మూడో అరలో పెట్టింది. ఆ పిల్ల చెయ్యి తడిగా ఉంటే చున్నీకి తుడుచుకుని గానీ నన్ను ముట్టేది కాదు. నా బతుకులో నాకు దొరికిన మర్యాద అదొక్కటే.

ఏ కాలేజీలో చేరాలో చెప్పేవాళ్లు ఆ ఇంట్లో లేరు. ఉన్నదల్లా పలకలు. అంచు విరిగితే ఫ్యాక్టరీవాళ్లు పక్కన పడేస్తారు, దస్తగిరి ఇంటికి తెస్తాడు. గౌసియా ఒక్కో పలక మీద ఒక్కో కాలేజీ పేరు రాసి, కింద దాని సంగతులన్నీ రాసుకుంది. ఫీజు ఎవరు కడతారు, హాస్టలుకు ఎంతవుతుంది, బస్సు ఉందా, అక్కడ చదివినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు. జిరాక్సు కొట్టుకు పోయి కంప్యూటర్లో చూసింది, రెండేళ్లు ముందు చదివిన వాళ్లకు ఫోన్లు చేసింది. సరిపడని కాలేజీని తడిగుడ్డతో తుడిచేసేది. వారం తిరిగేసరికి ఒక్క పలక మిగిలింది. యూనివర్సిటీ వాళ్ల సొంత ఇంజనీరింగ్ కాలేజీ, ఎలక్ట్రికల్ బ్రాంచి. కౌన్సెలింగ్‌లో సీటు వస్తే ఫీజు ప్రభుత్వం కడుతుంది. హాస్టల్లో తిండి ఖర్చు వరకూ కాశింబి మిషను భరించగలదు. తన ర్యాంకుకు పోయినేడు అక్కడ సీటు వచ్చింది కూడా. పెద్ద చదువులు చదివిన వాళ్లెవరైనా ఇంతకంటే మంచి లెక్క వేస్తారని నేననుకోను.

ఇక మిగిలింది ఒకటే. చెప్పిన రోజున ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని ఒంగోలు పోవాలి. వాళ్లు చూసి సరే అంటేనే కాలేజీలు ఎంచుకోనిస్తారు. ఒరిజినల్స్ లేకపోతే ర్యాంకు ఎంతదైనా ఇంటికి పొమ్మంటారు. అంటే ఆ పిల్ల నాలుగేళ్ల చదువూ నా కడుపులో ఉందన్నమాట.

అలాంటి సమయంలో తిరుపాలయ్య సారు వచ్చాడు.

ఆయన ఒకప్పుడు ఆ ఊరి బడిలో లెక్కలు చెప్పినవాడు. గౌసియాకు పదో తరగతి దాకా సాయంత్రాలు పైసా తీసుకోకుండా ట్యూషన్ చెప్పాడు. ఆ పిల్లకు లెక్కలు వచ్చాయంటే ఆయన చలవే, కాదనను. తర్వాత హైవే పక్కన, ఊరికి అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేరాడు. అక్కడ ఒక ఆచారం ఉంది. వేసవి వచ్చిందంటే లెక్చరర్లు పాఠాలు మానేసి ఊళ్లమీద పడి పిల్లలను పట్టుకురావాలి. ఒక్కొక్కరు పదిమందిని తేవాలి, తెచ్చేదాకా జీతం ఆపేస్తారు. డిగ్రీల మీద డిగ్రీలు చదివినవాడు చివరికి గుమ్మాల ముందు చెప్పులు విడవాల్సి వచ్చింది.

సారు వాకిట్లో బండి ఆపగానే దస్తగిరి లుంగీ సర్దుకుని లేచి నిలబడ్డాడు. ఉన్న ఒక్క కుర్చీ దుమ్ము దులిపి వేశాడు. కాశింబి టీ పెట్టింది. సారు కూర్చున్నంతసేపూ మొగుడూ పెళ్లాం కూర్చోలేదు. గౌసియా పలక తెచ్చి చూపించింది. సారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి చాలా బాగా ఆలోచించావమ్మా అని మెచ్చుకున్నాడు. మెచ్చుకుని పక్కన పెట్టాడు. యూనివర్సిటీ కాలేజీ మంచిదేననీ, కానీ ఆడపిల్ల అంత దూరం హాస్టల్లో ఉండటమంటే ఆలోచించుకోవాలనీ, తమ కాలేజీ బస్సు మార్కాపురం నుంచే బయలుదేరుతుందనీ, లాప్‌టాప్ ఉచితమనీ చెప్పాడు. తాను అక్కడ ఉన్నాడు కాబట్టి కన్నబిడ్డలా చూసుకుంటానన్నాడు. గౌసియా తల అడ్డంగా ఊపింది. సరే, నీ ఇష్టమేనమ్మా అని ఆయన ఒక మెట్టు దిగాడు.

"ఒరిజినల్స్ మాత్రం నా దగ్గర ఉండనీ దస్తగిరీ. ఈ ఇంట్లో చెదలు, వాన, ఏదైనా జరగొచ్చు. వెరిఫికేషన్ రోజు నేనే ఫైలు తీసుకుని ఒంగోలు వస్తా. పిల్లను నేరుగా అక్కడికి తీసుకురా."

గౌసియా సందేహించింది. "మా కాడ ఉంటే ఏం పోతాది సారూ. పెట్టెలో పెడతా గదా," అంది. నెమ్మదిగానే అంది, కానీ దస్తగిరి ముఖం మాడిపోయింది.

"సారునే అడుగుతావా?" అన్నాడు కూతుర్ని. అంతే. పలకల ఫ్యాక్టరీలో మేస్త్రీతో కూలి కోసం పోట్లాడేవాడు, బజారులో అర్ధరూపాయికి బేరమాడేవాడు, సారు ముందు మాత్రం నోరు తెరవడు. ఆయన దృష్టిలో సారును నమ్మకపోవడమంటే చదువును నమ్మకపోవడమే. నన్ను రెండు చేతులా పట్టుకుని ప్రసాదంలా అందించాడు. సారు ఇంకో కాగితం కూడా తీసి, ఇది ఊరికే, ఫైలు ముట్టినట్టు గుర్తుకని చెప్పి దస్తగిరి చేత సంతకం పెట్టించుకున్నాడు. దస్తగిరి తనకొచ్చిన ఆ ఒక్క చదువునూ ఆ కాగితం మీద జాగ్రత్తగా, వంకర పోకుండా పెట్టాడు.

సారు భుజాన వేలాడే సంచిలో పడ్డాను. అందులో నాతోపాటు ఇంకో ఆరు ఫైళ్లున్నాయి, ఆరూ వేరే వేరే ఇళ్లవి. వాటి మధ్య నాలుగు మడతల తెల్లకాగితం ఒకటుంది. మడత విప్పుకుని నా మీద వాలితే చదివాను. సారు కూతురు జాహ్నవికి కూడా ఆ ఏడే ఎంసెట్ ర్యాంకు వచ్చింది. బడిలో గౌసియా పక్కన కూర్చున్న పిల్లే. ఆ పిల్ల కోసం కాలేజీల పేర్లు ఏ వరసలో పెట్టాలో సారు స్వయంగా రాసుకున్న జాబితా అది. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. మొదటి పేరు యూనివర్సిటీ వాళ్ల సొంత కాలేజీ. తర్వాతవన్నీ ప్రభుత్వ కాలేజీలు. ఆ తర్వాత పేరున్న ప్రైవేటువి. పక్కన హాస్టలు ఖర్చు, బ్రాంచి, దూరం. అచ్చం గౌసియా పలకలాగే ఉంది. నలభై పేర్లున్న ఆ జాబితాలో ఆయన పనిచేసే కాలేజీ పేరు ఎక్కడా లేదు.

తెలియక చేసినవాణ్ని క్షమించవచ్చు. ఆ సంచిలో ఉన్నంతసేపూ నాకు ఒళ్లు మండింది. ప్లాస్టిక్‌కు ఒళ్లు మండితే ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది, కానీ నేను కరగలేదు, నా లోపల పిల్ల కాగితాలున్నాయి.

కాలేజీ ఆఫీసులో నన్ను ఇనప బీరువాలో పెట్టారు. నాలాంటివి వంద దాకా ఉన్నాయి. ఒక్కోదాని మీద తెల్లచీటీ అంటించి ఒక నంబరు వేశారు. దస్తగిరి సంతకం పెట్టిన కాగితాన్ని అక్కడ ఆఫీసు వ్యవహారాలు చూసే ఏఓ పక్క బల్ల మీద పరిచినప్పుడు చూశాను. అది ఫైలు ముట్టిన రసీదు కాదు, మేనేజ్‌మెంటు సీటుకు దరఖాస్తు. ఆ సీటుకు ప్రభుత్వం ఫీజు కట్టదు, ఇంటివాళ్లే కట్టుకోవాలి.

వెరిఫికేషన్ రోజు వచ్చింది. పొద్దున్నే తండ్రీ కూతుళ్లు ఒంగోలు పోయి సారు కోసం ఎదురుచూశారట. ఫోన్ మోగుతోంది కానీ ఎత్తడం లేదు. పదకొండింటికి బస్సెక్కి నేరుగా కాలేజీకి వచ్చారు. వాళ్ల మాటలు బీరువా తలుపు ఇవతల నుంచి విన్నాను. ఏఓ గొంతు చాలా మర్యాదగా ఉంది. మీ అమ్మాయికి మా దగ్గర సీటు ఖాయమైంది, దరఖాస్తు మీద మీ సంతకమే ఉంది, ఈ ఏడాది ఫీజు కట్టి చేర్పించండి, వద్దనుకుంటే ఆ ఫీజు కట్టేసి సర్టిఫికెట్లు పట్టుకుపోండి, అన్నాడు. దస్తగిరికి మొదట అర్థం కాలేదు. సారును పిలిపించండి, ఆయనకంతా తెలుసు అని బతిమాలాడు. సారుకు అంతా తెలుసు, నిజమే.

సారు వచ్చాడు. దస్తగిరి అలవాటు కొద్దీ నమస్కారం పెట్టే ఉంటాడు. గౌసియా ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. ఫైలిచ్చేయండి సారూ, ఇంకా మూడు గంటలుంది, ఆటో మాట్లాడుకుని పోతాం అంది. సారు గొంతు తగ్గించి, అన్ని కాలేజీలూ ఒకటేనమ్మా, చదివేవాళ్లు ఎక్కడైనా చదువుతారు అన్నాడు.

"జాహ్నవి యాడ చేరతాంది సారూ?"

"దానిది వేరే లెక్కమ్మా," అన్నాడు సారు.

ఐదేళ్లు ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లకు ఆ ఒక్క లెక్కా ఆ రోజే చెప్పాడు. నన్ను ఇవ్వలేదు. వాళ్లు వెళ్లిపోయారు. ఒంగోల్లో తలుపులు మూసే వేళ దాటిపోయింది. కంచే చేను మేస్తే అంటారు. ఇక్కడ కంచెను చేనే చేతులు జోడించి లోపలికి పిలిచింది, కుర్చీ వేసి టీ ఇచ్చింది.

తర్వాత ఇంట్లో ఏం జరిగిందో, నేను తిరిగి ఇల్లు చేరాక కాశింబి మిషను ముందు కూర్చుని ఎదురింటామెతో చెప్తుండగా విన్నాను. గౌసియా అర్జీ రాసుకుందట, సోమవారం కలెక్టరాఫీసుకు పోయి ఇస్తానందట. పోయి ఉంటే నన్ను మర్నాడే ఇప్పించేవాళ్లు, రెండో విడత కౌన్సెలింగ్ ఇంకా మిగిలే ఉంది. అలా అర్జీ పెట్టిన ఇద్దరి ఫైళ్లు నా కళ్లముందే బీరువా దాటి బయటపడ్డాయి. కానీ దస్తగిరి ఆ అర్జీని చించేశాడు. "చదువు చెప్పినోళ్ల మీద కాయితం పెడితే మనకు చదువబ్బదు పాపా," అన్నాడట. అబ్బాల్సిన చదువు బీరువాలో ఉందన్న సంగతి ఆయనకు తట్టలేదు. కాశింబి ఈ మాట చెప్పి దారం కొరికేసింది.

రెండో విడత కూడా అయిపోయి, అన్ని కాలేజీల్లో తరగతులు మొదలయ్యాక సారే నన్ను ఇంటికి తెచ్చి ఇచ్చాడు. మేనేజ్‌మెంటుతో గట్టిగా మాట్లాడి ఒక్క రూపాయి కట్టకుండా తెచ్చానని చెప్పాడు. గడువు దాటిన సర్టిఫికెట్లు కాలేజీకి బీరువాలో చోటు దండగ అన్న మాట చెప్పలేదు. దస్తగిరి కళ్లనీళ్లు పెట్టుకుని సారు చేతులు పట్టుకున్నాడు. ఆ రోజు కూడా టీ ఇచ్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం విన్నాను గానీ, కాల్చినవాడే ఆకులు తెచ్చి ఇస్తే దండం పెట్టడం అక్కడే చూశాను. గౌసియా లోపలి గదిలోంచి బయటికి రాలేదు. సారు పోయాక నాలోంచి కాగితాలు తీసి పెట్టెలో వేసింది, నన్ను మేకుకు తగిలించింది.

ఆ పిల్ల ఊళ్లోనే డిగ్రీలో చేరింది. మధ్యాహ్నం నుంచి బస్టాండు దగ్గర జిరాక్సు కొట్టులో పని. ఎలక్ట్రికల్ మాట మళ్లీ ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. జాహ్నవి సెలవులకు ఊరొచ్చిందని తెలిస్తే ఆ వారమంతా గౌసియా వేరే వీధిగుండా పనికి పోయేది. సీటు పోవడం కంటే నాకు అదే ఎక్కువ బాధగా ఉండేది.

మళ్లీ జూన్ వచ్చింది. పక్కింటి ఏస్తేరమ్మ కూతురు సువార్తకు ర్యాంకొచ్చింది. ఏస్తేరమ్మ కూడా పలకల ఫ్యాక్టరీలోనే రాళ్లు మోస్తుంది. గౌసియా ఆ పిల్లను రోజూ కొట్టుకు తీసుకుపోయి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి కాలేజీలు చూపించేది. ఏది అందుతుందో, ఏది అందినట్టు కనబడి ముంచుతుందో విడమరిచి చెప్పేది. చివరికి ఇద్దరూ కలిసి ఒక ప్రభుత్వ కాలేజీ ఎంచుకున్నారు. ఆ ఆదివారమే తిరుపాలయ్య సారు ఏస్తేరమ్మకు ఫోన్ చేశాడు, సాయంత్రం వస్తున్నా, ఒరిజినల్స్ సర్ది ఉంచమ్మా అని.

గౌసియా వెళ్లి ఇవ్వొద్దని చెప్పింది. తనకు జరిగినదంతా చెప్పింది. ఏస్తేరమ్మ అంతా విని అంది. "నీకు రాసిపెట్టి లేదు, రాలేదు. మా పిల్లకు ఎందుకు అడ్డం పడతావు? సారు అడిగితే లేదంటామా?" పైగా మంచి ఫైలు లేదని దస్తగిరిని అడిగింది. ఆయన మేకు మీంచి నన్ను తీసి, తుడిచి ఇచ్చాడు. ఏ దారిన పోయానో ఆ దారినే మళ్లీ పోతున్నానని తెలిసి నా బటను బిగుసుకుపోయింది.

గౌసియా ఇంకేమీ వాదించలేదు. కాగితాలు వరసలో సర్ది తెస్తామని ఏస్తేరమ్మతో చెప్పి, నన్నూ సువార్తనూ వెంటబెట్టుకుని కొట్టుకు పోయింది. మెమోలు, టీసీ, కులం సర్టిఫికెట్టు ఒక్కొక్కటే దళసరి కాగితం మీద రంగుల జిరాక్సు తీసింది. అంచులు కత్తిరించింది, మెమో మూల మీది మడతను కూడా చేత్తో అలాగే మడిచింది. అసలువి సువార్త పుస్తకాల సంచి అడుగున పెట్టించి, వెరిఫికేషన్ రోజు దాకా మీ అమ్మకు కూడా చెప్పొద్దంది. జిరాక్సులు నా అరల్లో పెట్టింది. అప్పుడు కూడా చెయ్యి తుడుచుకునే పెట్టింది. సాయంత్రం సారు వచ్చాడు. గౌసియా గుమ్మంలో నిలబడి చూస్తుండగా ఏస్తేరమ్మ నన్ను రెండు చేతులా ఆయనకు అందించింది.

అలా మళ్లీ ఈ బీరువాలోకి వచ్చాను. ఇక్కడినుంచి ఇక కదలనని నాకు తెలుసు. నన్ను వెనక్కి అడగడానికి ఎవరూ రారు, అసలువాటి జాగాలో ఇక్కడే పడి ఉండటమే నా పని.

వెరిఫికేషన్ అయిపోయిన మర్నాడు ఏఓ బీరువా తెరిచి లెక్క చూసుకున్నాడు. అందరి ఇళ్లవాళ్లూ వచ్చి గొడవపెట్టారు, ఈ ఒక్క పిల్ల తరఫున ఎవరూ రాలేదేమని సారును అడిగాడు. సారు నన్ను తీసి బటను విప్పాడు. మెమోను అరలోంచి లాగి, ముద్ర ఉన్నచోట బొటనవేలితో రుద్దాడు. ఒరిజినల్ మీద ముద్ర వేలికి గరుకుగా తగులుతుంది. ఇది నున్నగా ఉంది. ఆయన ఇంకోసారి రుద్దాడు. ఆ వీధిలో ఇంత నీటుగా జిరాక్సు తీసేది ఎవరో ఆయనకు తెలియకపోదు. ముఖం ఎర్రబడింది, కానీ అరవలేదు. కాగితాన్ని మళ్లీ అరలో పెట్టి, అంచు సర్ది, నా బటను మూశాడు.

"ఒరిజినల్సేనా?" అన్నాడు ఏఓ తల ఎత్తకుండా.

"ఒరిజినల్సే సార్," అన్నాడు తిరుపాలయ్య సారు.

బీరువా తలుపు మూసుకుంది. ఆయన సిగ్గుపడి అలా అన్నాడని కొందరు అనుకోవచ్చు. తన పదిమంది లెక్కలో ఒకరు తగ్గితే జీతం రాదని అన్నాడని ఇంకొందరు అనుకోవచ్చు. ఏదైతేనేం, సువార్త గట్టెక్కింది. నేను ఈ చీకట్లో కూర్చుని ఆలోచించేది ఒక్కటే. అంత సులువుగా వచ్చే ఆ చిన్న అబద్ధాన్ని ఆయన కిందటేడు గౌసియా కోసం ఆడలేకపోయాడు.